కొల్లేటి గట్టు నుంచి మారేడుమిల్లి మలుపుల దాకా

శని, ఆదివారాల్లో స్పోర్ట్స్ కారులో ఘాట్ ప్రయాణం: దారి, వేళ, బండి, బ్రేకు, మర్యాద

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వాసులు రెండు రోజుల్లో వెళ్ళి రాగలిగిన అసలైన ఘాట్ రోడ్డు మారేడుమిల్లి, చింతూరుల మధ్య ఉంది. నిడివి సుమారు 45 కిలోమీటర్లు. తూర్పు కనుమల అడవిలో ఒకపక్క కొండ, మరోపక్క లోయతో సాగే ఈ దారి కారు నడపడం ఇష్టమైనవారికి పెద్ద ఆకర్షణ. ఏలూరులో బయల్దేరి రాజమండ్రి, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, భద్రాచలం, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం చుట్టి తిరిగి ఏలూరు చేరితే మొత్తం సుమారు 450 కిలోమీటర్లు. వెళ్ళిన దారినే మళ్ళీ రానక్కర్లేదు. రెండు పగళ్ళకు సరిపోయే ప్రయాణమే, కాకపోతే ముందుగా లెక్క చూసుకోవలసినవి పగటి వెలుతురు, రోడ్డు వెడల్పు, బ్రేకుల ఓపిక. ఇంజను బలం వాటి తర్వాతి మాట.

చదును నేల అలవాట్లు

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు నేల. 1999లో ప్రకటించిన అభయారణ్యానికి హద్దు అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు. అక్కడి నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఎంత దూరం వచ్చినా నేల పెద్దగా లేవదు. ఇక్కడ స్టీరింగు పట్టిన డ్రైవరుకు ఎదురుగా వచ్చే బండి దూరం నుంచే కనిపిస్తుంది. టాప్ గేరులో పడ్డాక గేరు మార్చే పని తక్కువ. బ్రేకు తొక్కేది ఎక్కువగా గేదెలకూ, చేపల వ్యాన్లకూ, సార్వా కోతల తర్వాత రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికీ.

ఈ నేల నేర్పే మంచి అలవాటు ఒకటుంది. మండవల్లి, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో చాలా రోడ్లు గట్ల మీదే నడుస్తాయి. ఒకపక్క కాలువ, మరోపక్క చేపల చెరువు. ఎదురుగా లారీ వస్తే అంచుకు ఎంతవరకు జరగవచ్చో ఇక్కడి డ్రైవరుకు చేతి అంచనాగా తెలుసు. ఘాట్‌లో ఆ అంచనా బాగా అక్కరకొస్తుంది. తెలియనివల్లా ఎక్కుడు, దిగుడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉండాలి, దిగేటప్పుడు బ్రేకు మీద ఎంత ఆధారపడాలి, మలుపు అవతల కనిపించనప్పుడు ఎంత వేగం సబబు అన్నవి చదును నేల మీద అలవాటయ్యే విద్యలు కావు. డెల్టా నుంచి కొండకు వెళ్ళేవారి ప్రణాళిక ఈ మూడింటి చుట్టూ తిరగాలి.

ఏ నెలలో వెళ్ళాలి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వాన వెలిసి అడవి పచ్చగా ఉంటుంది, వాగుల్లో నీళ్ళుంటాయి, ఎండ బాధించదు. జులై నుంచి సెప్టెంబరు వరకు ఈ చుట్టు ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. ఘాట్‌లో కొండచరియలు జారడం, చెట్లు పడడం ఒక కారణం. గోదావరి వరద అంతకంటే పెద్ద కారణం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. గోదావరి పొంగితే కూనవరం దగ్గర కలిసే శబరి వెనక్కి ఎగదన్ని చింతూరు, కూనవరం ప్రాంతాల్లో రోడ్లను ముంచుతుంది. ఘాట్ దిగి చింతూరు చేరినవారికి ముందు దారి మూసుకుపోతే, మళ్ళీ ఘాట్ ఎక్కి వెనక్కి రావడం ఒక్కటే మిగులుతుంది. అదే కాలంలో కొల్లేరు వైపు కూడా ఏలూరు, కైకలూరుల మధ్య యడ్లగాడి ప్రాంతంలో రోడ్డు మీదికి నీరు వస్తుంది.

చలికాలానికి ఉన్న చిక్కు మంచు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కొల్లేరు పరిసరాల్లోనూ, హైవే మీదా దట్టంగా పడుతుంది. నాలుగింటికే బయల్దేరితే కలిసొస్తుందనుకోవడం ఇక్కడ పొరపాటు. వెలుగు వచ్చాక, ఆరున్నర ప్రాంతంలో కదిలితే చాలు. సంక్రాంతి వారం, కార్తీక మాసపు ఆదివారాలు, వరుస సెలవులు వచ్చిన రోజులు వదిలేస్తే రోడ్డు మీద రద్దీ సగం తప్పుతుంది.

ఏ కారు

స్పోర్ట్స్ కారు అంటే నేలకు దగ్గరగా, గట్టి సస్పెన్షనుతో, బరువుకు తగ్గ బలంతో మలుపు తిరగడానికి తయారైన బండి. మలుపులో దాన్ని నిలబెట్టే గుణాలే మన రోడ్ల మీద దానికి ఇబ్బంది కూడా. చాలా స్పోర్ట్స్ కార్ల కింద జాగా 100 నుంచి 140 మిల్లీమీటర్లే. మారుతి స్విఫ్ట్‌కు 163. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఆ కొలతలో వేసినది అయితే తక్కువ ఎత్తు కారు కూడా నెమ్మదిగా దాటుతుంది. ఊరివాళ్ళు సొంతంగా పోసుకున్న సిమెంటు దిమ్మ దగ్గర మాత్రం ఇంజను కింది ఆయిల్ ఛాంబరు తగులుతుంది. అలాంటి చోట బండిని కాస్త ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దించాలి. ముందుభాగాన్ని ఎత్తే సదుపాయం ఉన్న కార్లయితే దాన్ని వాడుకోవాలి.

ఘాట్‌లో ఆనందానికి పెద్ద ఇంజను అవసరం లేదు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దాని పేరు నిలబడింది తక్కువ బరువు వల్లా, చేతికి లొంగే స్టీరింగు వల్లా. మన దగ్గర మంచి టైర్లు, చురుకైన స్టీరింగు ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్ కూడా ఈ 45 కిలోమీటర్లలో తృప్తినిస్తుంది. 500 హార్స్‌పవర్ల కారుకు ఇక్కడ సగం బలం వాడే చోటు దొరకదు. అద్దెకు తీసుకునేవారు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండినే తీసుకోవాలి. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అనుమతి ఉన్నది వాటికే. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకు తెచ్చుకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కొస్తుంది.

బయల్దేరే ముందు వారం

మొదట చూడవలసింది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేలకు అంటినా బ్రేకు పట్టదు. ఏడాది పొడుగునా గాలిలో తేమ ఉండే డెల్టాలో తిరిగే బండికి రెండేళ్ళకోసారి ఈ ఆయిలు మార్చడం తప్పనిసరి. చదును రోడ్డు మీద లోపం బయటపడకపోవచ్చు, ఘాట్ దిగేటప్పుడు పడుతుంది. బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే అవి కూడా మార్చుకుని వెళ్ళాలి.

టైరు గాడి లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొండ మీద తడి రోడ్డుకు 3 మిల్లీమీటర్లయినా ఉంటే నయం. గాలి చల్లని టైరులోనే చూడాలి. వేడెక్కిన టైరులో ఎక్కువగా కనిపించిన గాలిని తీసేస్తే మర్నాడు ఉదయానికి తక్కువవుతుంది. చాలా స్పోర్ట్స్ కార్లకు స్టెప్నీ ఉండదు. జిగురు సీసా, చిన్న కంప్రెసరు మాత్రం ఇస్తారు. మేకు దిగిన రంధ్రాన్ని ఆ జిగురు మూస్తుంది. రాయి తగిలి టైరు పక్కగోడ చిరిగితే దాని వల్ల ఉపయోగం లేదు. అందుకే బృందంలో ఒక బండి మామూలు ఎస్‌యూవీ అయితే మంచిది, సామానూ మోస్తుంది, అవసరమైతే మనుషులనూ చేరుస్తుంది. తక్కువ ఎత్తు కార్లను తాడు కట్టి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి. ఆ బండి రాజమండ్రి నుంచి రావడానికి ఎంతసేపు పడుతుందో ముందే అడిగి పెట్టుకోవాలి.

ఘాట్‌లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. మ్యాపు ఫోనులో దింపుకుని ఉంచాలి. 108 అంబులెన్సు, 112 అత్యవసర సేవ, జాతీయ రహదారుల సహాయానికి 1033 గుర్తుండాలి. మారేడుమిల్లిలో గది ముందుగా ఖాయం చేసుకోవాలి. ఆదివారం నాడు ఘాట్‌లో రోడ్డు పనులుగానీ, రాకపోకల ఆంక్షలుగానీ ఉన్నాయేమో అక్కడివారినే కనుక్కోవాలి.

శనివారం: హైవే నుంచి అడవి అంచుకు

ఏలూరు నుంచి గుండుగొలను దాటాక దారి రెండుగా చీలుతుంది. నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్ళేది ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్ళే పాత దారి 216-ఎ. ఏలూరు వారికి మొదటిది సుఖం. ఊళ్ళు తగలవు, కొవ్వూరు దగ్గర 2015లో తెరిచిన నాలుగో గోదావరి వంతెన మీదుగా రాజమండ్రి పొలిమేర చేరవచ్చు. తాడేపల్లిగూడెం వారు నల్లజర్ల వైపు వచ్చి హైవే ఎక్కవచ్చు, లేదా నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరవచ్చు. డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కార్ల గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లని 2018 కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. బోర్డు మీద అంతకంటే తక్కువ ఉంటే బోర్డు మాటే చెల్లుతుంది.

రాజమండ్రిలో టిఫిను చేసి ట్యాంకు నింపుకోవాలి. రంపచోడవరం దాటాక బంకులు అరుదు, పైగా ఎత్తులో బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వెనక సీటువారికి నూనె వంటకాలకంటే రెండు ఇడ్లీలు మేలు. మలుపుల్లో కడుపు తిప్పడం చెవిలోపలి సమతుల్య యంత్రాంగానికీ కంటికీ పొత్తు కుదరకపోవడం వల్ల వస్తుంది. ఫోను చూస్తూ కూర్చున్నవారికి ముందుగా వస్తుంది. తల ఎత్తి దూరంగా రోడ్డు చూస్తుంటే తగ్గుతుంది.

కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం వైపు వెళ్తుంటే పొలాలు పోయి జీడిమామిడి తోటలు, ఆపైన అడవి మొదలవుతాయి. భూపతిపాలెం జలాశయం, రంప జలపాతం ఈ దారిలోవే. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. మధ్యాహ్నానికల్లా చేరుకోవచ్చు. ఇక్కడే ఆగిపోవాలి. అలసిన కళ్ళతో, వాలుతున్న పొద్దులో ఘాట్ మొదలుపెట్టడం ఈ ప్రయాణంలో చేయకూడని మొదటి పని. డిసెంబరులో సూర్యాస్తమయం అయిదున్నర ప్రాంతంలో. లోయలో వెలుతురు అంతకు ముందే తగ్గిపోతుంది.

సాయంత్రానికి పని తక్కువేమీ కాదు. జలతరంగిణి జలపాతం రోడ్డుకు దగ్గరే. అమృతధార కొంచెం ముందుకు. గుడిస గడ్డి మైదానాలకు మాత్రం సొంత కారు తీసుకెళ్ళకూడదు. ఆ దారి రాళ్ళది, స్థానిక జీపుల్లోనే వెళ్ళాలి. మారేడుమిల్లి పేరు చెప్పగానే గుర్తొచ్చే బొంగులో చికెన్‌కు కొంత ఓపిక కావాలి. పచ్చి వెదురు బొంగును కణుపు అడుగున ఉండేలా నరికి, మసాలా పట్టించిన కోడిముక్కలను అందులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద వాల్చి తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, నీళ్ళు పోయరు. బొంగులోని తడికే ముక్క ఉడుకుతుంది. పైన పచ్చదనం పోయి నల్లగా మాడాక బొంగు చీల్చి ఆకులో వేస్తారు. ముప్పావుగంట పడుతుంది కాబట్టి ముందు చెప్పి, ఆ తర్వాత జలపాతానికి వెళ్ళి రావడం మంచి పద్ధతి.

మలుపు లెక్క

కొండ రోడ్లలో బాగా వెనక్కి తిరిగే మలుపును హెయిర్‌పిన్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంలో దాని లోపలి అంచు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు, రూపొందించిన వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఈ రెండు అంకెల్లోనే ఘాట్ డ్రైవింగు అంతా ఉంది. 14 మీటర్ల మలుపులో 20 వేగంతో తిరిగే కారును పక్కకు నెట్టే బలం దాని బరువులో నాలుగోవంతు కంటే కాస్త తక్కువ. వేగం 30 అయితే సగం. 40 అయితే పదింట తొమ్మిది వంతులు. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది. పొడి తారు మీద మంచి టైరు పట్టు కూడా దాదాపు ఆ తొమ్మిది వంతుల వరకే. రోడ్డు మీద ఎండుటాకులో, ఇసుకో, మంచు తడో ఉంటే అంత కూడా ఉండదు. 20కీ 40కీ తేడా చదును రోడ్డు మీద లెక్కలోకి రాదు, ఇక్కడ మాత్రం రోడ్డుకూ లోయకూ ఉన్నంత తేడా.

అందుకే పద్ధతి ఇది. మలుపుకు ముందే, రోడ్డు తిన్నగా ఉన్నచోటే బ్రేకు తొక్కి గేరు దించాలి. మలుపులోకి నిదానంగా దిగాలి. చూపు బానెట్ ముందు కాకుండా మలుపు అవతలి కొస మీద ఉండాలి. రోడ్డు మళ్ళీ తిన్నగా విచ్చుకుంటున్నప్పుడు మెల్లగా యాక్సిలేటరు ఇవ్వాలి. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే బరువు ముందుకు పడి వెనక చక్రాలు పట్టు వదులుతాయి. కుడివైపు తిరిగే మలుపులో అడ్డంగా కోసుకుపోవాలన్న కోరిక కలుగుతుంది. అది ఎదుటివారి సగం రోడ్డు. ఎడమవైపు తిరిగే మలుపులో పక్కనున్న కొండో, లోపలి అంచున చెట్లో చూపును కప్పేస్తాయి. రెండుచోట్లా తన సగంలోనే ఉండి హారను కొట్టి తిరగాలి. రాజమండ్రి, భద్రాచలం మధ్య తిరిగే ఆర్టీసీ బస్సుకు హెయిర్‌పిన్ మలుపులో రోడ్డంతా కావాలి. అది కనిపించగానే మలుపుకు ఇవతలే ఆగడం మర్యాద మాత్రమే కాదు, వేరే దారి లేదు కూడా.

వేగం వల్ల మిగిలే కాలం కూడా లెక్కేసి చూడవచ్చు. 45 కిలోమీటర్లను సగటున 30 వేగంతో వెళ్తే గంటన్నర. 40తో వెళ్తే గంటా ఏడెనిమిది నిమిషాలు. మిగిలేది పాతిక నిమిషాల లోపు.

దిగుడు

ఘాట్‌లో ప్రమాదాలు ఎక్కువగా భయపెట్టేది దిగేటప్పుడే. 1,500 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు రెండు యూనిట్ల కరెంటుతో సమానం. అదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. పెడల్ మీద కాలు పెట్టి దిగితే మొత్తం నాలుగు బ్రేకు డిస్కుల మీద పడుతుంది. తక్కువ గేరులో దిగితే చాలా భాగం ఇంజను మోస్తుంది. ఏ గేరులో ఎక్కవలసిన ఎత్తో అదే గేరులో దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం. ఆటోమేటిక్ కారులో మాన్యువల్ మోడ్‌కు మార్చి రెండో గేరులో పట్టి ఉంచాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దించడం ప్రాణాంతకం. ఎలక్ట్రిక్ కారుకు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపుతుంది గాని, బ్యాటరీ నిండా ఛార్జి ఉన్నప్పుడు ఆ పట్టు తగ్గుతుంది. దిగుడు ముందున్నప్పుడు వంద శాతం ఛార్జి చేసుకోకూడదు.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెడల్పుగా ఉన్నచోట ఆపి పావుగంటో అరగంటో చల్లారనివ్వాలి. డిస్కుల మీద నీళ్ళు పోయకూడదు, వంకరపోతాయి. గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టాలి.

దిగడానికి ఎక్కడానికంటే ఎక్కువ సమయం ఇవ్వాలన్న సంగతి తెలుగువారికి తిరుమల దారిలోనే కనిపిస్తుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని దేవస్థానం నియమం పెట్టింది. అంతకంటే ముందే వచ్చిన బండికి జరిమానా. మారేడుమిల్లి ఘాట్‌లో అలా గడియారం పట్టుకుని కూర్చునేవారు లేరు. 2019 అక్టోబరులో కర్ణాటక యాత్రికుల టెంపో ట్రావెలరు, 2025 డిసెంబరులో చిత్తూరు జిల్లా యాత్రికుల బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడి ప్రాణాలు పోయాయి. ఇక్కడ నియమం డ్రైవరే పెట్టుకోవాలి.

ఆదివారం: ఘాట్, శబరి, గుంటుపల్లి

ఉదయం మంచు విచ్చాక, ఏడున్నర ఎనిమిది మధ్య మారేడుమిల్లి వదిలితే ఘాట్‌కు రెండు గంటలు హాయిగా పెట్టుకోవచ్చు. మూడు నాలుగు బండ్లకు మించి ఒక జట్టుగా వెళ్ళకూడదు. దారి తెలిసినవారు ముందు నడవాలి. వెనకవారికి ముందు బండిని అందుకోవాలన్న తొందర లేకుండా, కలుసుకునే చోట్లు ముందే చెప్పుకోవాలి. ఫొటోల కోసం మలుపులో ఆపకూడదు. చింతూరు వైపు దిగాక సోకిలేరు వాగు దగ్గర నిలవడానికి చోటుంది. ఇరుకు చోట ఎదురుబడితే ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది మన రోడ్డు నియమం. ఎత్తులో ఆగిన బండి మళ్ళీ కదలడం కష్టం.

చింతూరు శబరి ఒడ్డున ఉంది. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద భద్రాచలం 60 కిలోమీటర్లు పైచిలుకు. రామయ్య దర్శనం, భోజనం అయ్యాక గోదావరి దాటి సారపాక, అశ్వారావుపేట మీదుగా జంగారెడ్డిగూడెం చేరాలి. ఇది ఆయిల్ పామ్ ప్రాంతం. గెలల లోడుతో ట్రాక్టర్లు పక్క రోడ్ల నుంచి హఠాత్తుగా ఎక్కుతాయి. ఘాట్ గడిచిందన్న నిశ్చింతతో ఇక్కడ వేగం పెంచేవారు ఎక్కువ. ఏకాగ్రత సడలేది కూడా ఈ మధ్యాహ్నపు గంటల్లోనే కాబట్టి డ్రైవరు మారితే మంచిది. గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి టీ తాగి కదలవచ్చు.

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలు ఈ ప్రయాణానికి సరైన చివరి మజిలీ. క్రీస్తుపూర్వపు బౌద్ధ క్షేత్రమిది. గుండ్రటి చైత్యగుహ లోపల తలెత్తి చూస్తే పైకప్పు రాతిలో కొయ్య వాసాలు, దూలాలు చెక్కి కనిపిస్తాయి. అక్కడి నుంచి ఏలూరు సుమారు 40 కిలోమీటర్లు. చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.

మూడు రోజులు ఉన్నవారు రంపచోడవరం నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు కలిపే 516-ఇ జాతీయ రహదారి మీద సాగవచ్చు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి, కాఫీ తోటలు ఆ దారిలో వస్తాయి. రెండు రోజుల్లో దాన్ని ఇరికిస్తే అలసటే మిగులుతుంది.

ఈ దారి ఎవరిది

మన్యం రోడ్లు విహారానికి పుట్టలేదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండ ఎక్కే రోడ్డును బ్రిటిష్ వాళ్ళు వేయించినప్పుడు మన్యంలోని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం అప్పటికే వారి పోడు మీద ఆంక్షలు పెట్టింది. ఈ రెండు బాధలూ కలిసి 1922 మన్యం తిరుగుబాటుకు దారితీశాయి. ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజు పూర్వీకులది భీమవరం దగ్గరి మోగల్లు. డెల్టా కుటుంబంలో పుట్టి కొండవారి కోసం నిలిచిన ఆయన్ను 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు.

ఇప్పటికీ ఈ రోడ్డు మొదట కోయలది, కొండరెడ్లది. బడికి నడిచే పిల్లలు, కట్టెల మోపులతో ఆడవాళ్ళు, సంత రోజున కోళ్ళూ చింతపండూ మోసుకుని పోయేవారు దాని మీదే నడుస్తారు. వారికి కాలిబాట వేరే లేదు. పల్లె కనిపించగానే సైలెన్సరు మోత తగ్గించడం, 30 దాటకుండా వెళ్ళడం, కోతులకు తిండి వేయకపోవడం, తాగిన సీసాలు తిరిగి డిక్కీలో వేసుకోవడం అతిథి చేయవలసిన కనీసపు పనులు. బొంగులో చికెన్ అయినా, తేనె అయినా స్థానికుల దగ్గరే కొంటే ఈ ప్రయాణం వారికీ కొంత ఇస్తుంది.

వేగమే కావాలంటే

కారు అసలు సత్తా చూడాలనుకోవడం తప్పేమీ కాదు. దానికి చోటు వేరు. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు కారు పందేలు జరిగాయి. తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ట్రాకు కట్టారు, 1990లో మొదలైంది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఇ పందెం జరిగింది. ట్రాకు మీద ఎదురుబండి ఉండదు, మలుపు అవతల బడిపిల్లలు ఉండరు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. పందెంలో దెబ్బతిన్న కారుకు మామూలు బీమా వర్తించదు.

ఈ ప్రయాణానికి వెళ్ళదలచినవారు మూడు నియమాలు రాసుకుని కారులో పెట్టుకోవాలి. శనివారం మారేడుమిల్లి దాటి వెళ్ళకూడదు. దిగేటప్పుడు గేరు పట్టాలి, బ్రేకు పట్టి దిగకూడదు. మధ్యాహ్నం మూడు దాటాక ఏ కారణం వల్లా ఘాట్ మొదలుపెట్టకూడదు. ఆలస్యమైతే కిందనున్న ఊళ్ళోనే ఆ రాత్రికి ఆగి, సెలవు మరో రోజు పొడిగించుకోండి.